పరీక్ష ఉన్నా అందని ఆడవాళ్లు: గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ చరిత్ర

గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్ ఉన్నట్టుండి ముంచుకొచ్చే జబ్బు కాదు. హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ) సోకి, వదలకుండా పాతుకుపోయి, కణాలు మారి, క్యాన్సర్‌గా తేలడానికి సాధారణంగా పది పదిహేనేళ్లు పడుతుంది. ఈ మధ్యలో పరీక్ష చేస్తే చాలావరకు మార్పు దొరికిపోతుంది. దొరికిన చోటును అతిశీతల వాయువుతో గడ్డకట్టిస్తే సరిపోతుంది, పెద్ద ఆపరేషన్ అవసరం పడదు. ఇందుకు దారి చూపినవాడు గ్రీసులో పుట్టి న్యూయార్క్‌లో పనిచేసిన జార్జ్ పాపనికొలావు. ముఖద్వారం దగ్గరి కణాలను గాజుపలక మీద పులిమి మైక్రోస్కోపులో చూసే పద్ధతిని ఆయన 1928లో మొదటిసారి వివరించినప్పుడు వైద్యలోకం పెద్దగా పట్టించుకోలేదు. హెర్బర్ట్ ట్రాట్‌తో కలిసి 1941లో, 1943లో ప్రచురించాక అది చాలా దేశాలకు పాకింది. పాప్ స్మియర్ అంటే అదే.

2019–21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం భారతదేశంలో 30–49 ఏళ్ల స్త్రీలలో ఒక్కసారైనా ఈ క్యాన్సర్ కోసం పరీక్ష చేయించుకున్నవారు 1.9 శాతం. రొమ్ము క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవారు 0.9 శాతం. తమిళనాడులో మొదటి అంకె 9.8కి చేరగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఐదు శాతంలోపే ఆగిపోయాయి. 2020 అంతర్జాతీయ అంచనాల్లో దేశంలో ఆ ఏడాది కొత్తగా ఈ జబ్బు బయటపడినవారు లక్షా 23 వేలకు పైనే, చనిపోయినవారు 77 వేలకు పైనే.

ఈ దుస్థితికి కారణమేమిటంటే ఆడవాళ్ల సిగ్గు, తెలియనితనం అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. సిగ్గు లేదని ఎవరూ అనరు. కానీ కాన్పుకూ, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కూ ఆసుపత్రి బల్ల ఎక్కినవాళ్లు కూడా వాళ్లే. ఏ పనికి పిలిచినప్పుడు వచ్చారు, ఏ పనికి అసలు పిలవలేదు, వచ్చినవాళ్లకు ఏం జరిగింది అన్నది వరసగా చూస్తే సిగ్గు అన్న మాట వెనక చాలా సంగతులు దాగి ఉన్నాయని అర్థమవుతుంది.

ఆడవాళ్ల వైద్యానికి సామాజిక అడ్డంకి ఉందని ప్రభుత్వాలు మొదటిసారి గుర్తించింది 19వ శతాబ్దం చివర్లో. మగ డాక్టరు ముట్టుకోవడానికి వీల్లేని ఇళ్లలో స్త్రీలు వైద్యం అందక చనిపోతున్నారన్న ఆందోళనతో 1885లో లేడీ డఫరిన్ నిధి ఏర్పడింది. అదే ఏడాది మద్రాసులో మేరీ షార్లీబ్ చొరవతో తెరిచిన ఆసుపత్రికి పెట్టిన పేరే ‘క్యాస్ట్ అండ్ గోషా’ స్త్రీల ఆసుపత్రి. అప్పటి ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాజధానిలోనివే. ఆసుపత్రి ఎవరికోసమో పేరులోనే తేలిపోయింది: పై కులాల ఆడవాళ్లు, గోషా పాటించే ఆడవాళ్లు. పొలంలో నాట్లేసే మాల మాదిగ స్త్రీకి కూడా సిగ్గు ఉంటుందని, ఆమెకూ ఆడ డాక్టరు కావాలని ఆ ఆలోచనలో లేదు. మిషన్ ఆసుపత్రులు ఈ లోటును కొంత పూడ్చాయి. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ లూథరన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ 1898లో అక్కడ తెరిచిన ఆసుపత్రి వాటిలో ఒకటి. ఏమైనా ఆ కాలపు స్త్రీ వైద్యమంటే ప్రధానంగా పురుడే. పురుడు దాటిన వయసు ఆడమనిషి రోగి అన్న లెక్కలోకి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

క్యాన్సర్ ఆసుపత్రులు 20వ శతాబ్దం మధ్యలో వచ్చాయి. బొంబాయిలో టాటా మెమోరియల్ 1941లో, ముత్తులక్ష్మి రెడ్డి పట్టుదలతో మద్రాసు అడయారులో 1954లో, మెహదీ నవాజ్ జంగ్ పూనికతో హైదరాబాదులో 1955లో మొదలయ్యాయి. ఇవన్నీ చికిత్స కోసం కట్టినవి. జబ్బు ముదిరాకే వాటి గుమ్మం తొక్కేవారు. తెల్లబట్ట, నడుంనొప్పి ఆడజన్మకు మామూలే అనుకుని ఏళ్లు గడిపి, ముట్టు ఆగిపోయాక మళ్లీ రక్తం కనబడితే నాటుమందు వాడి, వాసన వచ్చి ఇంట్లోవాళ్లు పక్క దూరంగా వేసే దశలో బస్సెక్కేవారు. పాప్ స్మియర్ ఈ ఆసుపత్రుల్లోనూ పెద్ద బోధనాసుపత్రుల్లోనూ చేసేవారు గానీ, అడిగి వచ్చినవాళ్లకూ, మరో బాధతో వచ్చి డాక్టరు కంటపడినవాళ్లకూ మాత్రమే. దానికి కణాలు చదవగలిగిన నిపుణులు కావాలి. ఫలితం ఆ రోజే రాదు, రెండోసారి రావాలి. నగరంలో సొంత లేడీ డాక్టరున్న ఇల్లాలికి ఇదేమంత కష్టం కాదు. కూలి మానుకుని వచ్చే మనిషికి రెండో ప్రయాణమే అసలు అడ్డంకి.

ఈ తేడా భారతదేశానికే పరిమితం కాదు. ఇంగ్లండులో 1960లలో స్క్రీనింగ్ మొదలైనప్పుడు ప్రమాదం తక్కువున్న చదువుకున్న యువతులే పదేపదే వచ్చారు, శ్రామిక కుటుంబాల పెద్ద వయసు స్త్రీలు రాలేదు. 1988లో ప్రతి స్త్రీ పేరునా ఇంటికి ఉత్తరం పంపి, రాకపోతే మళ్లీ పిలిచే ఏర్పాటు పెట్టారు. అప్పటికి 42 శాతమున్న వ్యాప్తి 1994కల్లా 85 శాతానికి చేరింది. ఆరేళ్లలో ఆడవాళ్ల స్వభావం మారిపోలేదు. పిలిచే పద్ధతి మారింది.

పిలవాలంటే పేరు ఒక జాబితాలో ఉండాలి. భారతదేశంలో చిక్కు ఇక్కడే పడింది. పల్లెలో ఏఎన్ఎం చేతిలో ఉన్న రిజిస్టర్లు గర్భిణులవి, బాలింతలవి, టీకాలవి, ‘అర్హులైన దంపతులవి’. అర్హత దేనికంటే కుటుంబ నియంత్రణకు. ఎమర్జెన్సీ కాలంలో మగవాళ్లకు బలవంతంగా చేసిన వేసెక్టమీల మీద జనం తిరగబడ్డాక ఆ భారం పూర్తిగా ఆడవాళ్ల మీదికి జరిగింది. ఆంధ్రప్రదేశ్ ఇందులో దేశానికే ముందు నిలిచింది. ఐదో సర్వే నాటికి అక్కడ పెళ్లైన స్త్రీలలో దాదాపు 70 శాతం ఈ ఆపరేషన్ చేయించుకున్నవారే. తెలుగునాట పెళ్లి చిన్నతనంలో, రెండు కాన్పులు వెంటవెంటనే, ఆ వెంటనే ఆపరేషన్. చాలామందికి పాతికేళ్లు నిండేసరికి ఇదంతా అయిపోతుంది. అయిపోయిన మరునాటి నుంచి ఆరోగ్యశాఖకు ఆమెతో పని లేదు. స్క్రీనింగ్ మొదలుకావలసిన వయసు 30. అంటే సర్కారు దవాఖానాతో ఆమె సంబంధం తెగిపోయిన చాలా ఏళ్లకు పరీక్ష అవసరం మొదలవుతుంది. టార్గెట్ల కోసం వెంటపడి తీసుకెళ్లి, శిబిరంలో వరసగా పడుకోబెట్టి, కుట్లు మానకముందే ఇంటికి పంపిన అనుభవం మాత్రం ఆమెకు గుర్తుంటుంది.

1975–76లో జాతీయ క్యాన్సర్ నియంత్రణ కార్యక్రమం మొదలైనా దాని డబ్బు ప్రధానంగా రేడియేషన్ యంత్రాలకూ పెద్ద కేంద్రాలకూ పోయింది. ఊళ్లోకి నడిచివెళ్లిన ప్రయత్నాల్లో చెప్పుకోదగ్గది మహారాష్ట్ర షోలాపూర్ జిల్లా బార్షీది. 1987లో అక్కడి నర్గీస్ దత్ స్మారక క్యాన్సర్ ఆసుపత్రి ఆధారంగా గ్రామీణ క్యాన్సర్ రిజిస్ట్రీ పెట్టారు. బార్షీ, పరాండా, భూమ్ తాలూకాల పల్లెల్లో ఎవరికి క్యాన్సర్ వచ్చిందో రాసుకోవడం దాని పని. ఆసుపత్రికి వచ్చినవాళ్లను లెక్కపెడితే చాలదు, రానివాళ్లే ఎక్కువ. కాబట్టి కార్యకర్తలు ఊరూరా తిరిగి, లక్షణాలు వివరించి, అనుమానమున్నవారిని తామే వెంటబెట్టుకు వచ్చేవారు. పరీక్ష లేదు, కొత్త మందు లేదు. అయినా కొద్ది ఏళ్లలోనే గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ తొలిదశల్లో బయటపడటం పెరిగిందని 1990లలో ప్రచురించిన ఫలితాలు చూపాయి. తెలిసిన మనిషి ఇంటికొచ్చి చెప్పి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే వచ్చారన్నమాట.

పాప్ స్మియర్‌కు తగిన ప్రయోగశాలలు పల్లెలకు ఇప్పట్లో రావని తేలాక పరిశోధకులు వీఐఏ వైపు మళ్లారు. మూడు నుంచి ఐదు శాతం ఎసిటిక్ ఆమ్లం, అంటే వంటింటి వెనిగర్ లాంటిదే, దూదితో ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. మారిన కణాలున్న చోటు తెల్లగా పాలిపోతుంది. ఒక బల్ల, స్పెక్యులమ్, మంచి దీపం, అడ్డంగా ఒక తెర ఉంటే చాలు. జవాబు అక్కడికక్కడే తెలుస్తుంది. ముంబై మురికివాడల్లో 1998లో మొదలైన టాటా మెమోరియల్ అధ్యయనంలో ఈ పని చేసింది డాక్టర్లు కాదు. పదో తరగతి వరకు చదివి, నాలుగు వారాల శిక్షణ పొందిన స్థానిక యువతులు. బార్షీ కేంద్రంగా ఉస్మానాబాద్ జిల్లాలో 1999లో, తమిళనాడు దిండిగల్ జిల్లాలో 2000లో మరో రెండు పెద్ద అధ్యయనాలు మొదలయ్యాయి. దిండిగల్‌లో ఒక్కసారి వీఐఏ చేసి చికిత్స అందించినందుకు మరణాలు 35 శాతం తగ్గాయి. ముంబైలో రెండేళ్లకోసారి చొప్పున చేస్తే 31 శాతం తగ్గాయి. ఉస్మానాబాద్‌లో మాత్రం వీఐఏ గానీ పాప్ స్మియర్ గానీ మరణాలను చెప్పుకోదగ్గంతగా తగ్గించలేదు, ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ పరీక్ష దాదాపు సగానికి తగ్గించింది.

ఈ అధ్యయనాలకు రెండో ముఖం ఒకటుంది. పోలిక కోసం కేటాయించిన గుంపుల్లోని 1,38,624 మంది స్త్రీలకు ఆరోగ్య బోధన తప్ప పరీక్ష చేయలేదు. వాళ్లలో 254 మంది ఈ క్యాన్సర్‌తో చనిపోయారని అమెరికన్ పాథాలజిస్టు ఎరిక్ సూబా ఎత్తిచూపి, ఇది నీతి తప్పిన పని అన్నారు. భారతదేశంలో స్క్రీనింగ్ అమల్లోనే లేదు కాబట్టి ఉన్న స్థితితోనే పోల్చామని నిర్వాహకులు సమాధానమిచ్చారు. లెక్క ప్రకారం ఆ జవాబు తప్పు కాకపోవచ్చు. కానీ పేదరాలికి పరీక్ష అందకపోవడం ‘అమల్లో ఉన్న పద్ధతి’గా చెలామణి కావడం ఆ జవాబులోనే కనిపిస్తుంది.

ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్న ప్రశ్నకు ఉస్మానాబాద్ అధ్యయనం ఇచ్చిన జవాబు మరణాల అంకెలకన్నా తక్కువ ప్రచారం పొందింది. పిలిచిన 1,00,800 మందిలో 79,449 మంది, అంటే వందకు దాదాపు 79 మంది వచ్చారు. కరువు జిల్లా పల్లెల్లో ఇంతమంది వచ్చారంటే సిగ్గు గురించిన సిద్ధాంతం సగం వీగిపోయినట్టే. రానివారితో పోలిస్తే వచ్చినవారిలో చిన్న వయసువాళ్లు, చదువుకున్నవాళ్లు, భర్త ఉన్నవాళ్లు, ఎప్పుడో ఒకప్పుడు కుటుంబ నియంత్రణ పద్ధతి వాడినవాళ్లు ఎక్కువ. చివరిది గమనించదగ్గది. ఆరోగ్య వ్యవస్థ ఒకసారి తాకిన మనిషినే రెండోసారి చేరడం దానికి సులువు. ఇక భర్త లేనివారు. ముఖద్వారానికి పరీక్ష అంటే కాపురానికి సంబంధించినదన్న భావన ఊళ్లో బలంగా ఉంటుంది. మొగుడు పోయిన మనిషికి ఆ పరీక్ష ఎందుకన్న ప్రశ్న అడగకపోయినా చూపుల్లో ఉంటుంది. వైరస్ సోకింది ఇరవై ఏళ్ల కిందటి కాపురంలో అయినా జబ్బు తేలేది ఈ వయసులోనే. తోడు వచ్చేవాళ్లూ, చార్జీలు ఇచ్చేవాళ్లూ లేనిది కూడా ఆమెకే.

ఈ సంకోచాన్ని పెంచడంలో వైద్యశాస్త్రానికీ పాత్ర ఉంది. వెరోనాలో రిగోని-స్టెర్న్ 1842లోనే ఈ జబ్బు సన్యాసినుల్లో అరుదనీ పెళ్లైనవారిలో ఎక్కువనీ రాశాడు. వైరస్ సంగతి 1983లో హరాల్డ్ త్సుర్ హౌసెన్ తేల్చే వరకు, తేల్చాక కూడా, పాఠ్యపుస్తకాల కారణాల పట్టికలో చిన్నతనపు పెళ్లి, ఎక్కువ కాన్పులు, పరిశుభ్రత లోపం, ఒకరికి మించి సంబంధాలు అంటూ ఆడదాని నడవడే వరసగా కనిపించేది. వైరస్ తెచ్చి అంటించే మగవాడి ఊసు ఆ పట్టికలో చివరికి ఎక్కడో ఉండేది. పరీక్షలో తేడా ఉందంటే ఇంట్లో శీలం మీద చర్చ జరుగుతుందని భయపడటం అజ్ఞానం కాదు, సమాజం తెలిసిన మనిషి లెక్క.

తెలుగు జిల్లాల్లో ఈ అధ్యయనాలు జరుగుతున్న కాలంలోనే మరొకటి జరిగింది. పరీక్ష రాకముందే క్యాన్సర్ భయం వచ్చింది. తెల్లబట్ట, కడుపునొప్పి అని ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లిన ముప్పై ఏళ్ల స్త్రీని పట్నంలోని నర్సింగ్‌హోమ్‌కు తీసుకెళ్లడం, స్కానింగ్‌లో పుండుందని, తీయకపోతే క్యాన్సర్ అవుతుందని చెప్పి గర్భసంచి తీసేయడం 1990ల తర్వాత పల్లెల్లో మామూలైపోయింది. తీసుకెళ్లినవాడికి కమిషన్, చేసినవారికి ఫీజు, ఆమెకు అప్పు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఈ ఆపరేషన్లకు ప్రభుత్వమే డబ్బు కట్టింది. విమర్శలు పెరిగాక కొన్నేళ్లకు పథకంలో వీటికి కళ్లెం వేశారు. 2015–16 సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ తెలుగు రాష్ట్రాలవే. ముఖద్వారాన్ని వెనిగర్‌తో ఒక్క నిమిషం చూసే పరీక్ష ఐదు శాతానికీ అందని చోట, గర్భసంచి మొత్తం తీసేసే ఆపరేషన్ అంతకంటే ఎక్కువమందికి అందింది. ఇరుగమ్మకూ పొరుగమ్మకూ ఇలా జరిగాక, ఊళ్లోకి వచ్చి ‘క్యాన్సర్ టెస్టు చేస్తాం’ అంటే వినేవారికి పెద్దాపరేషన్‌కు తొలిమెట్టులాగే తోస్తుంది.

ఖమ్మం జిల్లా అనుభవం దీనికి తోడైంది. 2009 జులైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10–14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేలమందికి హెచ్‌పీవీ టీకా వేసే ప్రదర్శన ప్రాజెక్టు మొదలైంది. పాత్ అనే అమెరికన్ సంస్థ భారత వైద్య పరిశోధన మండలితో, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి దాన్ని నడిపింది. చాలామంది పిల్లలు ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉండే గిరిజన బాలికలు. కొందరు చనిపోయారన్న వార్తలతో ఆందోళన చెలరేగి 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. తేలినా అసలు తప్పు మిగిలే ఉంది. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు, 1,948 మీద ఉన్నవి వేలిముద్రలు. కన్నవాళ్లకు చెప్పకుండానే పిల్ల చేతికి సూది పడింది. టీకా వేరు, స్క్రీనింగ్ వేరు. అయినా గర్భసంచి క్యాన్సర్ పేరు చెప్పి పెద్దాఫీసర్లు ఊళ్లోకి రావడం ఏజెన్సీ గూడేల్లో చాలామంది మొదటిసారి చూసింది ఇదే.

2016లో కేంద్ర ఆరోగ్యశాఖ 30 నుంచి 65 ఏళ్ల వారందరికీ నోటి, రొమ్ము, ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు ఐదేళ్లకోసారి చేయాలని మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ వయసు స్త్రీ పేరు ఒక ప్రభుత్వ జాబితాలోకి ఎక్కడం దాదాపు ఇదే మొదలు. ఆశా కార్యకర్త ఇంటింటికీ వెళ్లి ఒక ఫారం నింపాలి. రొమ్ములో గడ్డ ఉందా, ముట్టు ఆగాక రక్తస్రావం ఉందా, భర్తతో కలిశాక రక్తం కనబడుతోందా, తెల్లబట్ట వాసన వస్తోందా అన్నవి అందులోని ప్రశ్నలు. ఇవి అడిగే చోటు ఇంటి అరుగు. పక్కన అత్త ఉంటుంది, ఎదురుగా మరిది బండి తుడుచుకుంటూ ఉంటాడు. ఆశా అదే ఊరి కోడలు, చాలాచోట్ల వరసకు వదినో చిన్నమ్మో అవుతుంది. ఆమె గొంతు తగ్గించి బీపీ, షుగరు ప్రశ్నలు అడిగి, మిగతా గడుల్లో ‘లేదు’ అని టిక్కు పెట్టుకుంటే తప్పుపట్టడం కష్టం.

టిక్కు పెట్టినా తర్వాతి మెట్లు తేలికైనవి కావు. పరీక్ష ఉచితమే, కానీ పత్తి తీసే రోజుల్లో ఒక పూట కూలి పోతుంది. పీహెచ్‌సీకి వెళ్తే శిక్షణ పొందిన స్టాఫ్ నర్సు ఆ రోజు కాన్పులో ఉండొచ్చు, తలుపు గడియ పడని గది ఉండొచ్చు. తెల్లమచ్చ కనబడితే జిల్లా ఆసుపత్రికి, అక్కడి నుంచి హైదరాబాదుకో విశాఖపట్నానికో. చికిత్స ఖర్చు ఆరోగ్యశ్రీ భరించినా, ఐదారు వారాల రేడియేషన్‌కు పట్నంలో ఉండే చోటు, తోడు ఉండే మనిషి, ఇంటి దగ్గర వండిపెట్టే మనిషి ఎవరన్నది ఏ కార్డులోనూ రాసి ఉండదు. పెద్ద అధ్యయనాల్లో ఈ మెట్లన్నిటినీ నిర్వాహకులే దాటించారు: బండి పంపారు, తేదీ గుర్తుచేశారు, మళ్లీ ఇంటికెళ్లి పిలిచారు. ఉస్మానాబాద్‌లో ముదిరిన మార్పో క్యాన్సరో తేలినవారిలో 85 శాతానికి పైగా చికిత్స పొందగలిగింది అందువల్లే. మామూలు ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చేసరికి వెనిగర్ మాత్రమే వచ్చింది, బండి రాలేదు.

హెచ్‌పీవీ పరీక్షకు నమూనాను స్త్రీ తానే చిన్న బ్రష్షుతో తీసుకోవచ్చునన్నది ఇటీవలి మార్పు. తెలంగాణ మేడ్చల్ మండలంలో 2000ల మధ్యలో జరిగిన పరిశోధనలో భాగంగా దీన్ని పరీక్షించి, స్త్రీలు స్వయంగా తీసుకున్న నమూనాలు కూడా పనికొస్తాయని 2009లో ప్రచురించారు. బల్ల, స్పెక్యులమ్, పరాయి మనిషి చూపు మూడూ దీంతో తప్పుతాయి. సిగ్గే అడ్డంకి అయితే సమస్య సగానికి పైగా తీరాలి. తేడా వచ్చినవారిని వెతికి, చికిత్స దాకా చేర్చే పని మాత్రం అలాగే ఉంటుంది.

ఎంతమందికి పరీక్ష అందిందో చెప్పే లెక్కలోనూ ఒక ఖాళీ ఉంది. కుటుంబ ఆరోగ్య సర్వే పిల్లల్ని కనే వయసును ఆధారంగా చేసుకుని రూపొందింది కాబట్టి అది ప్రశ్నించేది 49 ఏళ్ల లోపు స్త్రీలనే. ఈ క్యాన్సర్ భారతదేశంలో ఎక్కువగా బయటపడేది యాభై దాటాక. 1.9 శాతం అన్న అంకెలో ఆ వయసువారు లేరు.